పక్కింటి గొట్టం

ఫిబ్రవరి 9

ఈరోజు ములాఖత్. అద్దం అవతల కూర్చుని ఫోను చెవికి పెట్టుకోగానే నాన్న అడిగిన మొదటి మాట: "ఏమే, ఆ గొట్టం తీయించిందా లేదా?"

ఎలా ఉన్నావని నన్ను అడగలేదు. నేను అడిగితే ఈగను తోలినట్టు చెయ్యి ఆడించాడు. జైలుకొచ్చి ఏడాది దాటింది, పక్కింటి డాబా మీది వాన గొట్టం ఆయన బుర్రలోంచి ఇంకా ఊడి రాలేదు.

"వానలు మొదలయ్యేలోపు దాన్ని పీకించకపోతే నా గది గోడ మొత్తం చెమ్మే. వెళ్ళి గట్టిగా అడుగు. నోరు లేదా నీకు?"

ఎవర్ని అడగాలి? పక్కింటి కంపౌండర్ అత్తయ్యని. ఏమని అడగాలి? అత్తయ్యా, ఏ గొట్టం కోసమైతే మా నాన్న మీ ఆయన్ని పైనించి పడేశాడో అది ఇంకా అక్కడే వేలాడుతోంది, కాస్త తీయించి పెడతారా అని.

పైకి మాత్రం "అలాగే నాన్నా" అన్నాను. సబ్బులు, బనియన్లు, బీపీ మాత్రలు లోపలికి పంపాను. సబ్బు పోయినసారిది నచ్చలేదట. వాసన ఎక్కువట. జైల్లో!

ఫిబ్రవరి 10

నాకేం కోపం లేదు. అలసట, అంతే.

ఫిబ్రవరి 14

జైలు నుంచి ఫోను వారానికి ఒకసారి వస్తుంది. ఏ వేళకొస్తుందో తెలియదు. మనం తీయకపోతే ఆ వారానికి అంతే, తిరిగి చేయడానికి వీల్లేదు.

ఇవాళ ల్యాబులో ఒక పెద్దావిడ చేతికి పట్టీ బిగించి సూది గుచ్చాను. రక్తం గొట్టంలోకి వస్తూ ఉంది. కోటు జేబులో ఫోను మోగింది. ఆ నంబరుకి వేరే మోత పెట్టుకున్నాను కాబట్టి చూడక్కర్లేకుండానే తెలిసింది. మోగీ మోగీ ఆగిపోయింది. "తీయమ్మా, ఎవరో పాపం" అంది పెద్దావిడ. "బ్యాంకు వాళ్ళండీ, లోను కావాలా అని పొద్దస్తమానం చంపుతారు" అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి వణకలేదు.

ల్యాబులో అందరికీ మా నాన్న తమ్ముడి దగ్గర ఉన్నాడనే చెప్పాను. పొరుగూరు, మంచి గాలి, మనవలతో కాలక్షేపం. ఒక్కోసారి నాకే ఆ ఊరు వెళ్ళాలనిపిస్తుంది.

ఫిబ్రవరి 23

ములాఖత్. ఫోను ఎందుకు తీయలేదని ఇచ్చిన పది నిమిషాలూ తిట్టాడు. గంట కొట్టాక లేస్తూ, "సన్నబడ్డావు" అన్నాడు. ఆ ఒక్క మాటతో బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. ఇంత చవగ్గా అమ్ముడుపోతానన్నమాట.

ఫిబ్రవరి 26

మా ఇంటికీ కంపౌండర్ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆ పక్కన వాళ్ళ స్థలంలో సన్నటి సందు. వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగా మేం బట్టలారేసే తీగ. పొద్దున నేను బట్టలు దులిపే వేళకే అత్తయ్య కిటికీ దగ్గర గిన్నెలు తోముతూ ఉంటుంది. మాట్లాడదు. కిటికీ మూయదు కూడా. మూసేసినా బాగుండేది.

మామయ్య ఊళ్ళో డాక్టరు దగ్గర కంపౌండరు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. పెళ్ళి చెడి, బతుకుతెరువు తోచక కూర్చున్నప్పుడు తన చెయ్యి నా ముందు చాపి, "గుచ్చు, చచ్చిపోనులే" అన్నాడు. "నరాన్ని కళ్ళతో వెతక్కు. వేలితో తడుము. కళ్ళు మోసం చేస్తాయి, వేలు చేయదు" అన్నాడు. నేను తప్పు గుచ్చిన ప్రతిసారీ ఆయన మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయేది. అత్తయ్య నన్ను కేకలేస్తుంటే, "పోనిద్దూ, ఇంకా బోలెడు చెయ్యి ఉంది" అనేవాడు.

ఇప్పుడు రోజూ జనం చేతులు తడుముతాను. ప్రతిసారీ ఆయన గుర్తొస్తాడని రాస్తే అబద్ధమే. కొన్నిసార్లు రాడు. రాని రోజులు హాయిగా ఉంటాయి.

మార్చి 3

ఇస్త్రీ అతను సందు మొగలో ఎదురుపడ్డాడు. ఆ కేసులో అతనే సాక్షి. అప్పట్నించీ మా బట్టలు వేరేచోట ఇస్తున్నాను. తప్పుకుపోబోతే, "కోపం పెట్టుకోకమ్మా, చూసిందే చెప్పాను" అన్నాడు.

"నీ మీద నాకేం కోపం" అన్నాను. ఈ మాట ఈ మధ్య చాలామందితో అంటున్నాను.

అతను చూసింది ఇదీ. మామయ్యే పోనీలే పాపమని, గొట్టం మూతిని అటు తిప్పడానికి నిచ్చెన ఎక్కాడు. ఏళ్ళ తరబడి నాన్న సతాయిస్తున్నాడు కదా, తిప్పేస్తే ఒక గోల వదులుతుందని. కింద నిచ్చెన పట్టుకున్నది నాన్నే. అచ్చు ప్రెస్సులో ముప్పై మందిని ఆడించిన ఫోర్‌మన్, ఊరుకుంటాడా? ఇటు కాదు అటు, అటు కాదు ఇటు అని కిందినించి ఒకటే అరుపులు. మామయ్యకి విసుగొచ్చి, "ఇది నీ ప్రెస్సు కాదు, నేను నీ కూలివాణ్ణి కాదు. నోరు మూసుకుని పట్టుకో" అన్నాడు. నాన్న నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఒకసారి కాదు. మామయ్య వద్దని అరుస్తున్నా ఊపాడు. కింద బట్టలుతికే బండ ఉంది.

నాన్న చెప్పేది: "నిచ్చెన కాలు జారింది."

నేను ఆ వేళ ల్యాబులో ఉన్నాను. చూడలేదు. చూడలేదు కాబట్టి ఎటైనా అనుకోవచ్చు.

మార్చి 9

ములాఖత్. నాన్న మొహం వెలిగిపోతోంది. డెబ్బై దాటినవాళ్ళని, గొడవల్లేకుండా ఉన్నవాళ్ళని ముందుగా వదిలే కమిటీ ఒకటి కూర్చుంటోందట. జాబితాలో ఈయన పేరు ఎక్కింది. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెడితే పనైపోయినట్టే.

"వెళ్ళి పెట్టించు" అన్నాడు, పేపరు తెమ్మన్నంత తేలిగ్గా.

"ఆవిడకి ఏమైనా చెప్పమంటావా నాన్నా? నీ మాటగా?"

"ఏం చెప్పాలి?"

"మామయ్య గురించి."

కాసేపు అద్దం మీద గీతని గోటితో గీకాడు. "వాడికి నిచ్చెనెక్కడం రాదు. నేను ముందే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు?"

"అది కాదు నాన్నా..."

"నువ్వు నా తరఫా, వాళ్ళ తరఫా?"

గంట కొట్టారు. గంట కొట్టేవాడు చల్లగా ఉండాలి.

మార్చి 11

తమ్ముడికి ఫోను చేశాను. కేసయినప్పట్నించీ వాడు ఒక్కసారి కూడా జైలుకు రాలేదు. "అక్కా, నన్నందులోకి లాగకు. ఆఫీసులో తెలిస్తే నా పరువేం కావాలి? అయినా నువ్వున్నావుగా" అన్నాడు.

నువ్వున్నావుగా. నాకు వేరే పేరెందుకు, ఇదే పెట్టేసి ఉంటే సరిపోయేది.

మార్చి 15

అత్తయ్య దగ్గరికి వెళ్దామనుకున్నాను. తలుపు వేసి ఉంది.

మార్చి 16

తలుపు తీసే ఉంది. తలనొప్పిగా ఉండి వెళ్ళలేదు.

మార్చి 21

వెళ్ళాను.

గుమ్మంలో నిలబడితే ఆవిడ కాసేపు చూసి, పక్కకి జరిగింది. అంటే లోపలికి రమ్మని. మామయ్య కూర్చునే కుర్చీ మీద మడతపెట్టిన దుప్పట్లు పెట్టి ఉన్నాయి. ఎవరూ కూర్చోకుండా పెట్టిందని తెలుస్తూనే ఉంది. నేను కింద కూర్చున్నాను.

కాగితం సంగతి చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. ఆవిడ కసురుతుందనుకున్నాను. కసిరితే లేచి వచ్చేసి, నా వల్ల కాలేదు నాన్నా అని చెప్పేసేదాన్ని. చాలా సులువుగా ఉండేది.

"ఒక్కటడుగుతానే" అంది. "మీ నాన్న ఆయన గురించి ఏమంటాడు? రెండు వారాలకోసారి వెళ్తున్నావు కదా. ఎప్పుడైనా ఆయన పేరెత్తుతాడా?"

ఎత్తుతాడు. నిచ్చెనెక్కడం రాదంటాడు.

"రోజూ తలుచుకుంటాడు అత్తయ్యా" అన్నాను.

"నిజంగా?"

"నిద్రపట్టదట. కళ్ళు మూస్తే మామయ్యే కనిపిస్తాడట."

ఇక్కడితో ఆపి ఉండాల్సింది. ఆవిడ నా మొహం మీదికి వంగి, ఎండిపోయిన నేలలా ఆ మాటల్ని తాగేస్తోంది. ఇంకొంచెం పొయ్యాలనిపించింది. "పోయినసారి అద్దం అవతల ఏడ్చేశాడు. ఈ చేతులు నరికేసుకోవాలనిపిస్తుందే అన్నాడు."

"ఆ మాటే అన్నాడా?"

"అదే మాట."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేశాను. నా చిన్నప్పుడు జ్వరమొస్తే నా వీపు మీద అలాగే చెయ్యి వేసేది.

సంతకం పెట్టింది. "నాకింకేం అక్కర్లేదే. వచ్చాక ఆ మాట నా ఎదురుగా ఒక్కసారి అంటే చాలు" అంది.

మార్చి 22

అబద్ధమని ఎందుకనుకోవాలి? నాన్న లోపల ఉండే ఉంటుంది. మగవాళ్ళు, అందులోనూ ఆ తరంవాళ్ళు, పైకి అనలేరు. ఆయన అనలేనిది నేనన్నాను. కాస్త ముందుగా చెప్పిన నిజం, అంతే.

మార్చి 23

ములాఖత్. "పెట్టిందా?" "పెట్టింది." "పెట్టక ఏం చేస్తుంది."

నాకు కోపం లేదు.

ఏప్రిల్ 2

అత్తయ్య పొద్దున కిటికీలోంచి పలకరించింది. ల్యాబుకి ఆలస్యమైందా అని. ఏడాది తర్వాత మొదటి మాట. మధ్యాహ్నం గిన్నెలో కూర ఇచ్చింది. అది తింటుంటే గొంతు దిగలేదని రాయాలి. దిగింది. చాలా బాగుంది.

ఏప్రిల్ 19

నేనెందుకు ఈయన కోసం ఇంత చేస్తున్నానని ఇవాళ బస్సులో ఆలోచించాను.

నా కాపురం వదిలేసి వచ్చేస్తానని ఫోను చేసినరోజు నాన్న ఎందుకని అడగలేదు. ప్రెస్సు వ్యాను వేసుకుని వచ్చాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అంటుంటే, "పక్కకి జరుగు బాబూ, బీరువా వస్తోంది" అన్నాడు. నా సామాను ఒక్కొక్కటీ తనే మోశాడు. దారంతా ఒక్క ప్రశ్న లేదు. ఇంటికొచ్చాక తన గది నాకిచ్చి, చెమ్మ పట్టే గదిలోకి తను మారాడు.

చెమ్మ గది నా వల్ల వచ్చింది ఆయనకి. ఇది ఇంతవరకూ ఎవరికీ అనలేదు. లాయరుకి కూడా.

మే 18

ఇంటికి తీసుకొచ్చాను. షరతులు చదివి వినిపించారు: పోలీసు స్టేషనులో వారం వారం సంతకం, ఊరు దాటకూడదు, పక్కింటావిడని ఏ రకంగానూ ఇబ్బంది పెట్టకూడదు, ఆవిడ ఆవరణలో అడుగు పెట్టకూడదు. నెలకోసారి ప్రొబేషన్ ఆఫీసరు వచ్చి చూసి వెళ్తాడు. ఏది తప్పినా మళ్ళీ లోపలికే. నాన్న అన్నిటికీ తలూపాడు.

ఆటోలో చిన్నపిల్లాడిలా బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగగానే చెప్పులు విప్పకుండా సరాసరి తన గదిలోకి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. "చూశావా? చూశావా?" అన్నాడు.

మే 19

సాయంత్రం అత్తయ్య వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. పొద్దున్నే ఆయనతో అన్నాను: అత్తయ్య వస్తే రెండు మంచి మాటలు మాట్లాడు నాన్నా, నీ కోసం సంతకం పెట్టింది అని. ఊఁ అన్నాడు.

"బాగున్నావా అన్నయ్యా?"

"ఆఁ, బాగానే ఉన్నానమ్మా. రా."

ఆవిడ కూర్చోలేదు. ఈయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. అంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను.

"గొట్టం అలాగే ఉంచేశారేమ్మా" అన్నాడు.

అత్తయ్య నావైపు చూసింది. మళ్ళీ ఆయనవైపు తిరిగింది. చాలా నెమ్మదిగా, అందిస్తున్నట్టుగా అంది: "అమ్మాయి చెప్పింది. ఆయన్ని తలుచుకుని ఏడ్చావట. ఈ చేతులు నరికేసుకోవాలనిపిస్తుంది అన్నావట."

"ఎవరి చేతులు?" అన్నాడు నాన్న.

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అదే ఘోరం.

"కూర్చో అత్తయ్యా, టీ పెడతాను" అన్నాను నేను. టీ!

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాన్న నన్ను చూసి, "ఏం చెప్పావే ఆవిడకి? నా పేరు మీద ఏం వాగావు?" అన్నాడు.

"నువ్వు బాధపడుతున్నావని చెప్పాను."

"నేనెందుకు బాధపడాలి? తప్పు చేసినవాడు బాధపడాలి."

మే 20

కిటికీ మూసి ఉంది.

మే 27

కిటికీ మూసే ఉంది. స్టేషనులో సంతకానికి తీసుకెళ్ళాను. నాన్న అక్కడి రైటరుకి అచ్చు తప్పులు చూపించి వచ్చాడు.

జూన్ 8

మొదటి వాన. గొట్టంలోంచి నీళ్ళు ధారగా మా గోడకే కొడుతున్నాయి. నాన్న గదిలో నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు.

జూన్ 9

నిన్న ఆ చప్పుడు విన్నప్పుడే నాకు తెలియాల్సింది.

పొద్దున ల్యాబుకి బయల్దేరుతూ తీగ మీది తువ్వాలు తీద్దామని వెనక్కి వెళ్ళాను. సందులో, వాళ్ళ గోడకి, నిచ్చెన. పాత నిచ్చెన కోర్టువాళ్ళే పట్టుకుపోయారు. ఇది సందు చివర రంగులేసేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాడట. పైన నాన్న. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, ఇంకో చేత్తో రంపం. తడి బండ మీద నిచ్చెన కాళ్ళు అటూ ఇటూ జరుగుతున్నాయి.

అరవలేకపోయాను. అరిస్తే తిరిగి చూసి పడిపోతాడేమోనని భయం.

అప్పుడు వాళ్ళ వెనక తలుపు తీసుకుని అత్తయ్య వచ్చింది. పైకి చూసింది. అదే చోటు, అదే బండ. పైనున్న మనిషిని చూసింది, కదులుతున్న నిచ్చెనని చూసింది. ముందుకొచ్చి రెండు చేతులూ దాని మీద వేసింది.

నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుని ఉంటే ఈ పూట ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

పట్టుకుంది. గట్టిగా, భుజం ఆనించి, కాలితో కింది మెట్టుని అదిమిపెట్టి. నిచ్చెన కదలడం ఆగింది. నాన్న కింద ఎవరో ఉన్నారని గమనించి చూశాడు. రంపం చేతిలోంచి జారి ఆవిడ పక్కనే పడింది. ఆవిడ ఉలిక్కిపడలేదు, వదల్లేదు కూడా. ఆయన ఒక్కొక్క మెట్టే దిగాడు. చివరి మెట్టు దిగేదాకా పట్టుకునే ఉంది.

అప్పుడంది: "నిచ్చెనని ఇలా పట్టుకోవాలి అన్నయ్యా."

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

నాన్నని ఇంట్లోకి తెచ్చి మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పళ్ళకి కొట్టుకుంటోంది. సగం తాగి పక్కన పెట్టి అన్నాడు:

"ఊపింది. చూశావా? నన్ను చంపుదామనే ఊపింది."

జూన్ 10

ఇంకా అదే మాట. ఇప్పుడు వివరాలు కూడా వచ్చాయి. పళ్ళు కొరుకుతూ ఊపిందట. రెండుసార్లు. ఆఫీసరు వస్తే రాసిచ్చేస్తానంటున్నాడు.

"నేను అక్కడే ఉన్నాను నాన్నా. ఊపలేదు. పట్టుకుంది."

"నీకు దూరం. సరిగ్గా కనపడి ఉండదు."

చూడకపోతే ఎటైనా అనుకోవచ్చని ఎప్పుడో రాశాను. ఇప్పుడు చూశాను కదా. చూసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

జూన్ 13

రాత్రుళ్ళు నిద్రలో నాన్న చేతులు కదులుతున్నాయి. ఏదో పట్టుకుని ఊపుతున్నట్టు. నాకలా అనిపించిందేమో.

జూన్ 17

ఆఫీసరు వచ్చాడు. చిన్నవయసు కుర్రాడు, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న ఫోర్‌మన్ గొంతుతో మొదలుపెట్టాడు: పక్కింటావిడ తనమీద హత్యాయత్నం చేసింది, కేసు పెట్టాలి.

"మీరు నిచ్చెనెక్కింది ఎవరి ఆవరణలోనండీ?" అన్నాడు ఆఫీసరు.

"అది వేరే సంగతి."

ఆఫీసరు అత్తయ్య దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చాడు. ఆవిడ ఏమీ చెప్పలేదట. "ఆ పిల్ల ఉంది అక్కడ, దాన్నే అడగండి. అది ఏం చెబితే అది" అందట.

నన్ను వరండాలోకి పిలిచాడు. కిటికీ పక్కనే నాన్న నిలబడి వింటున్నాడని నాకు తెలుసు. ఆయన నీడ నేల మీద పడుతోంది.

"మీరు చూశారా?"

చూడలేదనొచ్చు. తువ్వాలు తీసుకుని అప్పుడే వెళ్ళిపోయాననొచ్చు. ఆ రెండో మాట నోటిదాకా వచ్చింది. ఇదివరకు ఒకసారి ఈ నోటికి చాలా మాటలు తేలిగ్గా వచ్చాయి కదా.

"చూశాను. ఆవిడ ఊపలేదు. పడిపోకుండా పట్టుకుంది. లేకపోతే పడేవాడే."

"మీ నాన్నగారు జరిగినదానికి బాధపడుతున్నారని దరఖాస్తులో ఉంది."

"అది నేను చెప్పి రాయించింది. ఆయన ఎప్పుడూ అనలేదు."

నేల మీద నీడ కదిలి వెళ్ళిపోయింది.

జూన్ 24

తీసుకెళ్ళారు. సంచీ నేనే సర్దాను. వాసన లేని సబ్బు పెట్టాను. జీపు ఎక్కేదాకా నావైపు చూడలేదు.

ఇస్త్రీ అతను బండి దగ్గర నిలబడి చూస్తున్నాడు. దగ్గరికొచ్చి ఏదైనా అంటే కొట్టేదాన్ని. రాలేదు.

తమ్ముడు ఫోను చేశాడు. ఇంతకాలం నేను చేస్తేనే తీసేవాడు, ఇవాళ తనే చేశాడు. "కన్నతండ్రిని ఎవరైనా పట్టిస్తారా అక్కా? ఎంత రాయి మనసే నీది!"

"నువ్వున్నావుగా, నువ్వెళ్ళి చూసుకో" అన్నాను. కట్ చేశాడు.

జూన్ 27

గోడ దగ్గర అత్తయ్య ఎదురుపడింది. నేను తల దించుకుని పోబోతుంటే, "ఆగవే" అంది.

"ఎందుకు చెప్పావు?"

"చూశాను కాబట్టి అత్తయ్యా."

"అది కాదు. మొదట చెప్పింది. ఆ ఏడుపూ, ఆ చేతులూ."

ఏం చెప్పను? నాన్న బయటికి రావాలని. అంతకంటే ఏముంది?

"ఆయన పోయినప్పట్నించీ నిద్రలేదు నాకు. నువ్వు ఆ మాట చెప్పాక, మీ నాన్న వచ్చేదాకా, బాగా నిద్రపోయానే" అంది. "ఎందుకు చెప్పావే నాకు?"

లోపలికి వెళ్ళిపోయింది. నన్ను తిట్టలేదు. తిట్టడానికి కూడా పనికిరానేమో.

జూలై 6

ములాఖత్‌కి వెళ్ళాను. పేరు పిలిచారు. అద్దం ముందు కూర్చున్నాను. అవతల కుర్చీ ఖాళీ. కాసేపటికి వార్డర్ వచ్చి, "రానంటున్నాడమ్మా పెద్దాయన. తలనొప్పట" అన్నాడు. మాత్రలు ఇచ్చి వచ్చేశాను.

జూలై 20

రాలేదు.

ఈ మధ్య వారం ఫోను కూడా రావడం లేదు. ల్యాబులో ఏ ఫోను మోగినా చెయ్యి ఆగుతోంది. ఇవాళ ఒకాయనకి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

ఆగస్టు 3

వచ్చాడు.

చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. కూర్చుని ఫోను తీసుకున్నాడు. బూతులు తిట్టినా సరే, తల ఒగ్గి కూర్చుందామని ఇంటినించే అనుకుని వచ్చాను. బస్సులో ఆ తిట్లన్నీ ఊహించుకుని వాటికి జవాబులు కూడా తయారు చేసుకున్నాను.

"నమస్కారమండీ" అన్నాడు నాన్న.

వెటకారమేమో అనుకున్నాను. మొహంలో ఎక్కడా లేదు. ఆఫీసరుతో, డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు, వీపు నిటారుగా.

"నాన్నా..."

"మీరు శ్రమపడి రావక్కర్లేదండీ. ఇక్కడ అన్నీ ఇస్తున్నారు."

పుట్టినప్పట్నించీ నన్ను ఏమే, ఒసే, దయ్యం అని తప్ప పిలవని మనిషి. ప్రేమొచ్చినా ఏమే, కోపమొచ్చినా ఏమే.

"నన్నలా పిలవకు నాన్నా" అన్నాను. అద్దానికి మొహం ఆనించి అన్నాను. వెనక క్యూలో వాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు.

"మీరు పెద్దవాళ్ళండీ. ఆఫీసర్లతో మాట్లాడేవాళ్ళు. మిమ్మల్ని నువ్వు అనడానికి నేనెవర్ని?"

గంట కొట్టేదాకా ఆయన ఫోను చెవి దగ్గరే పట్టుకుని మర్యాదగా కూర్చున్నాడు, ఇంకేమైనా చెబుతానేమో వినడానికన్నట్టు.

ఆగస్టు 4

కోపంగా ఉంది. ఆయన మీద, తమ్ముడి మీద, అత్తయ్య మీద, చచ్చిపోయిన మామయ్య మీద కూడా. ఎవరు ఎక్కమన్నారు ఆయన్ని?

ఆగస్టు 17

తమ్ముడు ఒకసారి వస్తానన్నాడు. వస్తే మంచిదే, వాడితో నాన్న నువ్వు అనే మాట్లాడతాడు. స్టేషనులో దిగుతానన్నవాడు దిగలేదు. ఫోను ఆపేసి ఉంది.

నేనే వెళ్ళాను.

వచ్చి కూర్చున్నాడు. ఈసారి గడ్డం గీసుకున్నాడు. దవడ దగ్గర కోసుకున్నట్టుంది, చిన్న ఎర్రటి గీత.

"మాత్రలు తెచ్చారా అండీ?" అన్నాడు.

"తెచ్చాను నాన్నా."

"చాలా థాంక్సండీ."

లేచి వచ్చేయొచ్చు. ఇంకెప్పుడూ రాకపోవచ్చు. కమిటీలూ లేవు, సంతకాలూ లేవు, ఇక మిగిలిన శిక్షంతా లోపలే గడపాలి. నేను రాకపోతే ఎవరూ రారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే అంటున్నాడు ఆ అండీలు.

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానండీ."

"ఏం పెట్టారు నీకు?"

చెప్పసాగాడు, ఒక్కో మాట చివర అండీ తగిలిస్తూ. నేను నువ్వు, నువ్వు అంటూనే అడుగుతూ పోయాను, గంట కొట్టేదాకా.